క్‌నైట్, వ్‌రైట్, ట్వో

నేను ఉద్యోగ జీవితం మొదలుపెట్టిన అచ్చాఫీసులో కాపీ హోల్డరుగా పనిచేసిన పెద్దాయన కాలం చేశారని ఆనాటి మిత్రుడొకరు ఫోను చేసి చెప్పారు. వయసు బాగా మీద పడిన మనిషి కనుక అది ఊహించని కబురేమీ కాదు. అయినా ఆ సాయంత్రమంతా ఆయన గొంతు చెవుల్లో తిరుగుతూనే ఉంది. ముక్కు మీదకు జారిన కళ్లద్దాలలోంచి రాతప్రతిని చూస్తూ, స్వరంలో ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా, కామాలూ ఫుల్‌స్టాపులూ సహా గంటల తరబడి ఆయన ఇంగ్లీషు చదువుతుంటే, ఎదురుగా కూర్చుని ప్రూఫు దిద్దడం నా పని. ఆ చదువులో ‘నైట్’ కొన్నిసార్లు ‘క్‌నైట్’ అయ్యేది, ‘రైట్’ కొన్నిసార్లు ‘వ్‌రైట్’ అయ్యేది, అంకెల్లో రెండు ‘ట్వో’ అయ్యేది. కొత్తగా గదిలోకి వచ్చినవారు ఈయనకు ఇంగ్లీషు పలకడం రాదనుకుని నవ్వు ఆపుకునేవారు. ఆ అచ్చాఫీసులో ఆయనంత ఇంగ్లీషు తెలిసినవారు మరొకరు లేరని తెలియడానికి వారికి కొన్నాళ్లు పట్టేది.

చెవికి ఒకేలా వినిపిస్తూ, స్పెల్లింగులోనూ అర్థంలోనూ వేరుపడే మాటలను ఇంగ్లీషు వ్యాకరణం హోమోఫోన్లు అంటుంది. ఆయన వింత ఉచ్చారణ అంతా వాటి కోసమే. నా చదువూ నా ఉద్యోగమూ ఏదో ఒక విధంగా ఈ మాటల చుట్టూనే తిరిగాయి కనుక, ఆయన్ను తలచుకోవడమంటే నాకు వాటిని తలచుకోవడమే.

* * *

బడిలో మాకు డిక్టేషన్ కోసం ప్రత్యేకంగా ఒక పీరియడు ఉండేది. ఇంగ్లీషు మాస్టారు పేరాను మొదట ఒకసారి పూర్తిగా చదివి వినిపించేవారు. అంతసేపూ కలాలు బల్ల మీదే ఉండాలి. రెండోసారి ఒక్కో వాక్యమే చదివేవారు. అప్పుడు కూడా వాక్యం ముగిసేదాకా పాళీ కాగితానికి తగలకూడదు. ఎవరైనా ఆత్రపడి మధ్యలోనే రాయబోతే చదవడం ఆపేసి, “ఏ నైట్ రాశావు నాయనా? రాత్రా, గుర్రమెక్కిన వీరుడా? నేనింకా చెప్పనే లేదే!” అనేవారు. తరగతి తరగతంతా కలాలు గాలిలో పట్టుకుని, విన్న వాక్యాన్ని పెదవులతోనే మళ్లీ అనుకుంటూ ఎదురుచూసి, ఆయన ‘ఊఁ’ అనగానే ఒక్కసారిగా కాగితాల మీద వాలేది. అన్ని పాళీలూ కలిసి గీకే ఆ చప్పుడు, అది ఒక్కొక్కటిగా సద్దుమణిగి చివరికి వెనక బెంచీలో ఒకే ఒక్క పాళీ మిగలడం, ఆ మిగిలిన వాడి మీదకు అందరి చూపులూ తిరగడం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉన్నాయి.

మాస్టారు పాఠ్యపుస్తకంలోని పేరాలతో తృప్తిపడేవారు కాదు, తానే వాక్యాలు కట్టి తెచ్చేవారు. “వన్ నైట్ ద నైట్ వన్” అన్నది వాటిలో నాకు బాగా నచ్చినది. ఒక రాత్రి ఆ వీరుడు గెలిచాడని దాని అర్థం. తెలుగు లిపిలో రాస్తే మాటలు అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకటే. ఇంగ్లీషులో రాయబోతే మాత్రం మొదటి వన్‌కు ఓ, ఎన్, ఈ. చివరి వన్‌కు డబ్ల్యూ, ఓ, ఎన్. మొదటి నైట్‌కు కే లేదు, రెండో దానికి ఉంది. ఐదు మాటల వాక్యంలో నాలుగు మాటలు చెవిని మోసం చేసేవే. ఆ వాక్యం నల్లబల్ల మీద పడిన రోజున, అంతవరకు ఇంగ్లీషంటే ముఖం చాటేసే పిల్లలు కూడా ఇంటికి వెళ్లి ఇంకెవరినైనా దానితో పరీక్షించాలని ఉబలాటపడ్డారు.

గుర్తుపెట్టుకోవడానికి ఆయన చెప్పిన చిట్కాలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. ‘వినడం’ అనే హియర్‌లో చెవి, అంటే ‘ఇయర్’, దాక్కుని ఉంటుంది. ‘ఇక్కడ’ అనే హియర్‌లో ఉండదు. ‘ముక్క’ అనే పీస్‌లో ‘పై’ ఉంటుంది, శాంతికి ఉండదు. కదలకుండా ఉన్నదానికీ కాగితాలు, కవర్లకూ ఒకే పలుకైన ‘స్టేషనరీ’లో, ఎన్వలప్ మొదటి అక్షరం ఈ కనుక కాగితాల స్టేషనరీకి చివర్లో ఆర్‌కు ముందు ఈ రాయాలి. ఇవి ఆయన సొంతం కావనీ, ఇంగ్లీషు నేర్పేవారి నోళ్లలో తరతరాలుగా నలుగుతున్నవేననీ తర్వాత తెలిసింది.

స్పెల్లింగ్ పోటీల్లో కూడా, మాట వినగానే చెప్పేయకుండా “ఏ అర్థంలో సార్?” అని ఎదురు ప్రశ్న వేసిన పిల్లవాడికే ఆయన మెచ్చుకోలు దక్కేది. అమెరికాలో 1925లో మొదలైన జాతీయ స్పెల్లింగ్ పోటీలో కూడా మాట అర్థమేమిటని, ఏ భాష నుంచి వచ్చిందని, వాక్యంలో పెట్టి చెప్పమని పోటీదారు అడగవచ్చునని చాలా కాలం తర్వాత చదివి, మా మాస్టారి పద్ధతి సరైనదేనని సంబరపడ్డాను.

* * *

పక్క తరగతి గదిలోని తెలుగు మాస్టారికి ఇదంతా వినోదంగా ఉండేది. “పలికినట్టు రాసి, రాసినట్టు చదివే భాష చేతిలో ఉండగా మీకీ తిప్పలేమిటయ్యా!” అని వరండాలో ఇంగ్లీషు మాస్టారిని ఆటపట్టించేవారు. అయితే మాకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం అంత ధీమా పనికిరాదని ఆయనే హెచ్చరించేవారు. కొడుకుతో ఒక తండ్రి చెప్పిన మాటగా సంస్కృతంలో ఒక శ్లోకం ఉంది. నాయనా, నువ్వు ఎక్కువ చదవకపోయినా ఫరవాలేదు, వ్యాకరణం మాత్రం నేర్చుకో. లేకపోతే స్వజనం కాస్తా శ్వజనం అవుతుంది, సకలం కాస్తా శకలం అవుతుంది అని దాని సారాంశం. మనవాళ్లు కుక్కలవుతారు, మొత్తం ముక్క అవుతుంది. సకారాన్నీ శకారాన్నీ నాలుక కలిపేసిన చోట మనకూ చెవి చాలదు, రాత కావలసిందే. ఆ శ్లోకం చెప్పి ఆయన తరగతి చేత ఆ మాటలను పదిసార్లు పలికించేవారు. వరండాకు అవతల ఇంగ్లీషు డిక్టేషన్, ఇవతల సకలం, శకలం. రెండు గదుల మధ్య గోడ ఒకటే.

అదే కాలంలో మేము రాసిన నాలుగు గీతల నోటుబుక్కు మరో సంగతికి తాళంచెవి అని అప్పుడు తెలియదు. కలిపిరాతలో యూ, ఎన్, ఎమ్ అక్షరాలు రాసేటప్పుడు పైకీ కిందకీ ఒకే రకం చిన్న గీతలు వరుసగా పడుతూ పోతాయి. అవి పక్కపక్కన చేరితే ఎక్కడ ఒక అక్షరం ముగిసి ఇంకొకటి మొదలైందో రాసినవాడికే తెలియాలి. మధ్యయుగాల ఇంగ్లండులో చేత్తో గ్రంథాలు రాసిన లేఖకులకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువగా ఉండేదట. అందువల్ల ఎన్, ఎమ్ వంటి అక్షరాల పక్కన యూ రావలసిన చోట ఓ రాయడం అలవాటు చేసుకున్నారని భాషా చరిత్రకారులు చెబుతారు. కొడుకు అనే ‘సన్’ ప్రాచీన ఇంగ్లీషులో యూ అక్షరంతోనే ఉండేది; ఇప్పుడు దానిలో ఓ ఉంది. సూర్యుడి ‘సన్’ యూతోనే నిలిచిపోయింది. డిక్టేషన్‌లో మమ్మల్ని అంతగా ఏడిపించిన ఓ ఒకటి, ఏనాడో ఎవరో లేఖకుడు చదివేవాడి కళ్లకు శ్రమ తగ్గిద్దామనుకుని చేసిన ఉపకారమన్నమాట.

* * *

చదువు ముగిసిన తర్వాత, ఉద్యోగం వస్తుందన్న ఆశతో అందరిలాగే నేనూ టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవడానికి చేరాను. పక్క గదిలో టైపు మిషన్ల టకటకలు, వరస ముగిసినప్పుడల్లా చిన్న గంట, ఆ వెంటనే క్యారేజీని వెనక్కి నెట్టే బరువైన శబ్దం. ఇవతల గదిలో పెన్సిళ్లు చెక్కుకుంటూ మేము. ఐజాక్ పిట్‌మన్ 1837లో ప్రచురించిన పద్ధతి అది. పలుకును బట్టి రాయాలి, స్పెల్లింగుతో నిమిత్తం లేదు. ‘ప’కు పల్చటి గీత, ‘బ’కు అదే గీత ఒత్తి రాయాలి, ‘త’కు పల్చన, ‘ద’కు ఒత్తు. మూగ అక్షరాలన్నీ ఒక్క దెబ్బకు ఎగిరిపోయిన ఆ రాత మొదటి నెలలో స్వర్గంలా తోచింది.

చిక్కంతా ఆ గీతలను తిరిగి ఇంగ్లీషులోకి విప్పేటప్పుడు వచ్చేది. ‘అక్కడ’ అనే దేర్‌కూ ‘వారి’ అనే దేర్‌కూ ఒకే గుర్తు. ప్రధానమైనది అనే ప్రిన్సిపల్‌కూ సూత్రం అనే ప్రిన్సిపల్‌కూ ఒకే గుర్తు. చూపు, స్థలం, ఉదహరించడం అనే మూడు ‘సైట్’లూ కాగితం మీద ఒకే గీతగా పడుకుని ఉండేవి. డిక్టేషన్ ఇచ్చిన మనిషి గదిలోంచి వెళ్లిపోయి ఉంటాడు, చేతిలో ఉన్నవి గీతలు మాత్రమే. ఉత్తరం మొత్తం ఒకసారి మనసులో చదువుకోకుండా టైపు మిషను ముట్టుకోవద్దని అక్కడి మాస్టారు కూడా పట్టుబట్టేవారు. వేగం పరీక్షలో నెగ్గినవాళ్లు చాలామంది ఈ విప్పడం దగ్గర ఆగిపోయేవారు. నా దృష్టిలో స్టెనోగ్రాఫర్ అసలు పనితనం వేలిలో కన్నా అక్కడే ఉండేది. జీతాలు మాత్రం వేగాన్ని బట్టే ఇచ్చేవారు.

* * *

ఇక అచ్చాఫీసు. ఒక మూల సిరా, కిరసనాయిలు కలిసిన వాసన, మరో మూల తడి కాగితపు వాసన. కంపోజిటర్లు సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి స్టిక్కులో పేర్చే చప్పుడు, నిద్రపుచ్చేంత నిలకడగా సాగేది. పేర్చిన మేటరును గ్యాలీలోకి మార్చి, పైన సిరా పూసి, పొడవాటి కాగితపు పట్టీ మీద తీసిన ప్రూఫు మా బల్ల మీదకు వచ్చేది. అప్పుడు కాపీ హోల్డరు రాతప్రతిని పైకి చదవాలి, రీడరు ప్రూఫులో ఒక్కొక్క మాట మీద కలం ఆనించుకుంటూ పోవాలి. “క్యాప్ టీ, ద కమిటీ, కామా, హ్యావింగ్ హర్డ్...” ఇలా సాగేది ఆయన చదువు. చదివేవారి కన్ను రాతప్రతి మీద, నా కన్ను ప్రూఫు మీద. రెంటికీ మధ్య వంతెన ఆయన గొంతు ఒక్కటే. కనుక ఒకేలా వినిపించే మాట ఏది వచ్చినా ఆ వంతెన మీద ఒక పలక ఊడిపోయినట్టే.

అందుకే ఆయన మూగ అక్షరాలకు నోరిచ్చారు. వీరుడైతే ‘క్‌నైట్’, రాత్రయితే ‘నైట్’. రాయడమైతే ‘వ్‌రైట్’, హక్కయితే మామూలు ‘రైట్’, కర్మకాండ అయితే ‘రైట్, చివర ఈ’. వారి అనే దేర్ ‘దె-ఇర్’. గంట అనే అవర్ ‘హవర్’. మొత్తం అనే హోల్ ‘వ్‌హోల్’, కన్నమైతే ఉత్త ‘హోల్’. కలుసుకోవడమైతే ‘మీట్, రెండు ఈలు’, మాంసమైతే ‘మీట్, ఈ ఏ’. వేలాది పేజీలు ఇలా చదివి చదివి ఆ ఉచ్చారణ ఆయన నోటికి ఎంతగా పట్టిందంటే, ఇంట్లో మనవలకు పాఠం చెప్పేటప్పుడు కూడా నాలుకను అదుపులో పెట్టుకోవలసి వస్తోందని నవ్వుతూ చెప్పేవారు.

ఆయన పద్ధతి విలువ ఏమిటో ఒక నివేదిక అచ్చయ్యేటప్పుడు అందరికీ తెలిసివచ్చింది. పాత కట్టడాన్ని నేలమట్టం చేయాలని ఒక సంఘం తీర్మానించింది. ఆ మాట ‘రేజ్’, ఆర్, ఏ, జెడ్, ఈ. కంపోజిటరుకు అది పరిచయం లేని మాట. పైకి లేపడమనే అర్థమున్న ‘రేజ్’ మాత్రం రోజూ చేతిలో పడేదే. దాన్నే పేర్చేశాడు. ఒకే పలుకుతో ఇంచుమించు ఎదురెదురు అర్థాలున్న జంట ఇది. మామూలుగా చదువుకుంటూ పోతే నా కలం కూడా దాని మీదుగా జారిపోయేదే. ఆయన ఆ మాట దగ్గర ఆగి, “రేజ్, జెడ్‌తో, కూల్చేది” అన్నారు. నేను మార్జిన్‌లో దిద్దాను. ఆ నివేదికను రాసిచ్చినవారికి ఈ సంగతి ఎన్నడూ తెలియదు. మా పనిలో గొప్పతనమంతా అలా ఎవరికీ తెలియకుండా ఉండిపోవడంలోనే ఉండేది.

మధ్యాహ్నపు విరామాల్లో గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు భాషా చరిత్ర చదవడం నాకు అలవాటైంది. ఒకరోజు ఒక పేజీ దగ్గర నవ్వాగక ఆయనకు చూపించాను. ‘క్‌నైట్’ అనే పలుకును ఆయనేమీ కనిపెట్టలేదు. సుమారు ఆరువందల ఏళ్ల క్రితం ఇంగ్లీషువారు ఆ మాటలో కే నిజంగానే పలికేవారు. జీ హెచ్ కూడా అలంకారం కాదు, జర్మన్ భాషలో రాత్రిని ‘నాఖ్ట్’ అన్నప్పుడు ఈనాటికీ వినిపించే గొంతు ధ్వని లాంటిది అక్కడ ఉండేది. రాయడంలోని డబ్ల్యూనూ పలికేవారు. రెండు అనే మాటలోని డబ్ల్యూ నోట్లోంచి పోయినా ట్వెల్వ్, ట్వెంటీ, ట్విన్ అనే దాని చుట్టాలలో ఇంకా వినిపిస్తూనే ఉంది. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాడు. అచ్చు వల్ల స్పెల్లింగులు క్రమంగా గట్టిపడుతున్న ఆ శతాబ్దాల్లోనే పలుకు వేగంగా మారిపోయింది. రెండు ఈల ‘మీట్’, ఈ ఏ ‘మీట్’ ఒకప్పుడు వేర్వేరు అచ్చులతో వేరుగానే వినిపించేవి. దీర్ఘాచ్చులన్నీ స్థానాలు మారిన ఆ కాలంలో రెండూ ఒక చోటికి చేరాయి. విరగ్గొట్టడమనే ‘బ్రేక్’ వంటి కొద్ది మాటలు మాత్రం ఆ దారి పట్టక, ఈ ఏతో రాస్తున్నా, ఏ ధ్వని దగ్గరే నిలిచిపోయి, బండిని ఆపే ‘బ్రేక్’తో జత కట్టాయి.

ఆయన అంతా శ్రద్ధగా విని, “అయితే నేను ఆరువందల ఏళ్లు ఆలస్యంగా పుట్టానన్నమాట” అన్నారు. ఆ తర్వాత ‘వ్‌హోల్’ సంగతి అడిగారు. అందులోని డబ్ల్యూ మాత్రం ఎవరూ పలికినది కాదు; ప్రాచీన రూపంలో అది లేనే లేదు, 15, 16 శతాబ్దాల్లో రాతలో వచ్చి చేరింది. ఆరోగ్యమనే ‘హెల్త్’ దాని సొంత చుట్టమే, దానికి ఈనాటికీ డబ్ల్యూ లేదు. “అప్పటి ప్రూఫురీడరెవరో సరిగా చూడలేదు” అని ఆయన తేల్చేశారు.

నిఘంటువులు తిరగేయడం ఆ తర్వాత మా ఇద్దరికీ వ్యసనమైంది. పువ్వు అనే ‘ఫ్లవర్’, పిండి అనే ‘ఫ్లవర్’ అసలు ఒకటే మాట. దంచిన ధాన్యంలో పువ్వులాంటి మేలైన భాగం పిండి. 1755లో వచ్చిన జాన్సన్ నిఘంటువు నాటికి కూడా వాటి స్పెల్లింగులు పూర్తిగా విడిపోలేదు. కదలని ‘స్టేషనరీ’, కాగితాల ‘స్టేషనరీ’ కూడా ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చినవే. ఊరూరా తిరిగి అమ్మే వ్యాపారులకు భిన్నంగా ఒకే చోట అంగడి పెట్టుకున్న పుస్తకాల వ్యాపారికి ‘స్టేషనర్’ అని పేరు వచ్చింది. బడిలో ఎన్వలప్ గుర్తు చెప్పి విడదీసిన రెండింటినీ నిఘంటువు మళ్లీ ఒక చోట కూర్చోబెట్టింది.

కుర్ర కంపోజిటరు ఒకడు ఈ చర్చలు వింటూ ఉండేవాడు. ఇంగ్లీషుకు పలుకును బట్టి రాసే కొత్త లిపి కావాలని జార్జ్ బెర్నార్డ్ షా వీలునామాలో డబ్బు కేటాయించాడనీ, 1950లో ఆయన మరణించిన తర్వాత అలాంటి లిపి నిజంగానే తయారై, 1962లో ఆయన నాటకం ఒకటి దానిలో అచ్చయిందనీ నేను చెప్పగా, అదే సరైన పని అని వాడు ఎగిరి గంతేశాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. “అప్పుడు రాత్రి ఏదో, వీరుడు ఎవరో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?” అన్నారు. “మాట్లాడేటప్పుడు ఎలా తెలుస్తోందో అలాగే తెలుస్తుందండీ” అన్నాడు వాడు. ఆ జవాబుకు సరైన ఎదురు జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. అయినా ఆ స్పెల్లింగులు పోతే వాటిలోని చరిత్ర కూడా పోతుందని నా మనసు పెద్దాయన వైపే మొగ్గుతుంది.

* * *

రాత్రిళ్లు రేడియోలో ఇంగ్లీషు వార్తలు వినడం ఆనాటి మరో అలవాటు. లండన్ ఉచ్చారణలో న్యాయస్థానమైన ‘కోర్ట్’, పట్టుకున్నారనే ‘కాట్’ ఒకేలా వినిపిస్తాయి, ఎందుకంటే వారు అక్కడి ఆర్‌ను పలకరు. మనం ఆర్‌ను గట్టిగానే పలుకుతాం కనుక మనకు అవి వేరు. స్కాట్లండు వారిలో చాలామందికి ‘ఏది’ అనే విచ్, మంత్రగత్తె అనే విచ్ వేర్వేరు పలుకులు, లండన్‌లో ఒకటే. వారికి లేని జంటలను మనమూ తయారుచేశాం. పడమర ‘వెస్ట్’, లోపల తొడిగే ‘వెస్ట్’ మన నోట ఒకటే అవుతాయి, తడి అనే ‘వెట్’, పశువుల డాక్టరు ‘వెట్’ కూడా అంతే. వి, డబ్ల్యూ రెండింటికీ మనకున్నది ఒకే వకారం కదా.

కంప్యూటర్లు వచ్చాక కాపీ హోల్డర్ అనే ఉద్యోగమే పోయింది. స్పెల్లింగు దిద్దే ప్రోగ్రాములు చాలాకాలం పాటు ఈ మాటల జోలికే పోలేదు, రెండు స్పెల్లింగులూ నిఘంటువులో ఉన్నవే కనుక వాటికి తప్పు కనిపించేది కాదు. పూర్తి స్వేచ్ఛ ఇవ్వడాన్ని ఇంగ్లీషులో గుర్రపు పగ్గం వదలడంగా చెబుతారు. అక్కడి ‘రెయిన్’ పగ్గం. గుర్రాలు కనుమరుగైన తరం దాన్ని రాజు ఏలుబడి అనే ‘రెయిన్’గా రాస్తోంది, ఆ అర్థం కూడా అతికినట్టే ఉంటుంది కనుక ఎవరూ అడ్డు చెప్పడం లేదు. అలాంటివి కనిపిస్తే నేను ఇప్పటికీ దిద్దుతాను, ఇంకో తరానికి అదే సరైన రూపమవుతుందని తెలిసినా సరే.

ఇప్పుడు ఉత్తరాలు ఫోనుకు చెప్పి రాయిస్తున్నాను. మాట్లాడుతూ తెర వైపు చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. ‘రైట్’ అనగానే హక్కు అనే రైట్ పడుతుంది, ‘...టు మీ సూన్’ అని ముగించగానే అది చెరిగి, అదే చోట డబ్ల్యూతో రాయడం అనే రైట్ వస్తుంది. ఒక్క మాట చెప్పి ఊరుకుంటే మాత్రం దానికి ఆసరా ఏమీ ఉండదు. ఎక్కువమంది వాడే స్పెల్లింగునే వేసేస్తుంది. ‘నైట్’ అని ఒక్కసారి అని చూశాను, రాత్రే పడింది. ‘క్‌నైట్’ అని చూశాను, అదేమిటో దానికి బొత్తిగా అర్థం కాలేదు.